వ్యానులో ఎడమ సీటు

2025 ఏప్రిల్ ఎనిమిది, మంగళవారం, పొద్దున ఆరుంబావుకు నా కూతురు వ్యాను వెనక తలుపు ఎత్తిపట్టుకుని నన్ను పిలిచింది.

"అవ్వా, జర వచ్చి సూడు. గీండ్ల బ్రష్షు కోసం చెయ్యి వెడ్తే ఏందేందో దొరుకుతున్నయి గని బ్రష్షు దొరుకుతలే."

చూశాను. నీళ్ల ట్యాంకు మీద పైపు చుట్ట, దాని మీద వాక్యూమ్, జనరేటరు పక్కనే తుడిచే గుడ్డలు. గుడ్డలన్నీ డీజిల్ వాసన. అంతకు ముందు ఏడాది దాకా నా కూతురు బడి పిల్లల వ్యాను నడిపేది. బడివాళ్లు వద్దన్నాక కరీంనగర్‌లో ఈ పాత మినీ వ్యాను, సామాను కొనుక్కొచ్చి, ఇళ్ల ముందుకే వెళ్లి కార్లు కడిగి పాలిష్ పట్టే పని మొదలుపెట్టింది. నడపడం బాగా వచ్చు. సర్దడం రాదు.

నాకు వచ్చిన పని అదొక్కటే. భర్త పోయాక ఆయన బదులు దొరికిన ఉద్యోగంలో ఇరవై ఆరేళ్లు బొగ్గు గని స్టోరులో సామాను ఇచ్చాను, తీసుకున్నాను. గని కాలనీలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. అటు పక్కవాళ్లు పోపు వేస్తే ఇటు పక్క మేము తుమ్మేవాళ్లం. రిటైరయ్యాక కూతురితో ఇచ్చోడ వచ్చాను. హైవే పక్క రెండు గదుల అద్దె ఇల్లు. ఇరుగుపొరుగు మంచివాళ్లే, కానీ వాళ్ల మాటలో సగం మరాఠీ. నవ్వుతారు, నేను నవ్వుతాను, ఎవరి తలుపు వాళ్లం వేసుకుంటాం.

అందుకని కూతురు పనికి పోయిన రోజల్లా నేనూ వెళ్లేదాన్ని, ఎడమ సీటులో కూర్చుని. ఇంట్లో అది అన్నం తిని పడుకుంటుంది. వ్యానులో ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి మాట దానంతట అది వస్తుంది. బోథ్ దారిలో ఒక మలుపు దగ్గర ఎప్పుడూ మేకల మంద అడ్డం వచ్చేది. కూతురు హారను కొట్టేది, నేను వద్దనేదాన్ని. అక్కడి నుంచి ఏదో ఒక ముచ్చట మొదలయ్యేది. నా వారమంతటికీ మాట అంటే అదే.

సర్దడానికి నాలుగు రోజులు పట్టింది. మొదట వ్యాను ఖాళీ చేసి కడిగించాను. నూట యాభై లీటర్ల ట్యాంకును ముందు సీట్ల వెనకే నేలకు బిగించి కట్టించాను. వెనక పెడితే బండి ముందు భాగం తేలిపోయి స్టీరింగు నిలవదు. జనరేటరు వెనక తలుపు దగ్గర, పొగ బయటికి పోయేలా. రోజూ వాడే బ్రష్షులు నడుము ఎత్తులో. చక్రాలు తుడిచే గుడ్డలకు ఎర్ర అంచు కుట్టి వేరే సంచిలో వేశాను. మా వైపు నల్లరేగడి చక్రాలను వదలదు, ఆ గుడ్డతో కారు పైభాగం తుడిస్తే గీతలు పడతాయి. చివరికి మా స్టోరులో చేసినట్టే, ప్రతి వస్తువు కింద దాని ఆకారం తెల్ల పెయింటుతో గీశాను. ఖాళీ గీత కనబడితే ఆ వస్తువు బయట ఉన్నట్టు; అది తిరిగి వచ్చేదాకా బండి కదలకూడదు.

పదిహేడున, గురువారం, బోథ్‌లో ట్యాక్సీలు తిప్పే ఒకాయన దగ్గరికి వెళ్లాం. నాలుగు కార్లు. వెనక తలుపు ఎత్తగానే ఆయన తొంగి చూశాడు.

"ఏందమ్మా, బండ్లు కడుగుతానికి వచ్చిన్రా, దుకాణం వెడ్తానికి వచ్చిన్రా?"

"దుకాణమే అన్నా. గీమె షావుకారి" అని కూతురు నన్ను చూపించింది.

కారుకు యాభై లీటర్లు. మూడు కార్లయ్యాయి. నాలుగోదానికి సబ్బు నురుగు పట్టించాక పంపు దగ్గింది, ఆగింది. ఆయన బోరు ఎండిపోయి నెల. ఎండకు నురుగు కారు మీదే ఎండిపోతోంది. నా తాగే నీళ్ల సీసా కూడా అద్దం మీద పోశాం.

"పెండ్లికొడుకు లెక్క నురుగు రుద్ది కూసోవెట్టిన్రు గదమ్మా" అని ఆయన నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "సూడు బిడ్డా, ప్రతి గురువారం నాలుగు బండ్లు. నాలుగూ ఒక్కసారే అయిపోవాలె. కాదంటె ఆదిలాబాద్ నుంచి ఇంకొకల్లను పిలుచుకుంట."

కూతురికి అప్పటికి వారం వారం ఖాయంగా ఉండే పని ఒక్కటీ లేదు.

యాభై లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి తెచ్చింది. దానికి చోటు కోసం రెండు రోజులు చూశాను. వెనక పెడితే స్ప్రింగులు కూర్చుంటున్నాయి. జనరేటరు జరిపితే పొగ లోపలికి. ఆదివారం మధ్యాహ్నం వరండా మెట్టు మీద కూర్చున్నాం.

"నాలుగోది వద్దంట తీ. మూడే కడుగుత" అంది కూతురు.

"మూడు కడిగితె మూడూ పోతయి. ఆయన అన్నది ఇనలేదా?"

"మరి డ్రమ్ము ఏడ వెట్టాలె? నీ నెత్తి మీద వెట్టుకుంటవా?"

"నెత్తి మీద ఎందుకే. నా జాగల వెట్టు."

అది లేచి వెళ్లి వ్యాను ఎడమ తలుపు తెరిచి చూసింది.

"నువ్వెట్ల వస్తవ్ మరి?"

"ఎండలు ముదిరినయి. గాడ నాకేం పని? సామానంతా దాని జాగల అదుంది."

నిండిన డ్రమ్ము యాభై మూడు కిలోలు. నేను యాభై రెండు. బండికి తేడా తెలియదు. స్టోరులో లెక్క పెట్టేటప్పుడు లెక్క పెట్టే మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వ్యాను సర్దిన నాలుగు రోజులూ నేనూ అట్లాగే చేశాను. నేను కూర్చునే చోటుకు గీత గీయలేదు.

సాయంత్రానికి సీటు ఊడదీశాం. ఒక బోల్టు, దాని రెండు వాషర్లు దొర్లి ఇంటి ముందు మోరీ కాలవలో పడ్డాయి. చెక్కపలక వేసి, డ్రమ్ము నిలబెట్టి, బెల్టుతో కట్టాం. దాని చుట్టూ తెల్ల గీత నేనే గీశాను. గుండ్రంగా వచ్చింది.

ఇరవై నాలుగున అది ఒక్కతే బోథ్ వెళ్లింది. నాలుగింటికి తిరిగి వచ్చింది.

"నాలుగూ అయినయవ్వా. ఇంక బకెట్ నీళ్లు మిగిలినయి. పై గురువారం గూడ రమ్మన్నడు."

"మలుపు కాడ మేకలు అడ్డమొచ్చినయా?"

"ఏమో, సూడలే."

అన్నం తిని ఎనిమిదింటికి పడుకుంది. వరండాలో, రోడ్డు వైపు తిప్పి పెట్టిన ఆ సీటులో నేను ఇంకొంతసేపు కూర్చున్నాను. లారీలు పోతున్నాయి. సీటు ఉంది కాబట్టి దాన్ని పోయినవాటిలో రాయను.

పోయినవి: బోల్టు ఒకటి. వాషర్లు రెండు. బోథ్‌లో మరిచి వచ్చిన ఎర్ర అంచు గుడ్డ ఒకటి. పనికి పోయే ప్రతి రోజూ పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట మాట.