తాళం గురించి సార్ అడిగిన ప్రశ్న

నవంబర్, రెండో బుధవారం. ఇడ్లీపిండి రుబ్బాను. రెండు బకెట్ల బట్టలు ఆరేశాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. పదిన్నరకు ఎదురింటి జువాలజీ సార్ పోయారని తెలిసింది. ఆ తర్వాత ఏ పనీ సాగలేదు.

సూర్యాపేటలో పాతికేళ్లుగా ఆయన మాకు ఎదురిల్లు. కాలేజీ నుంచి రిటైరయ్యాక కవలల వెంట పడ్డారు. వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలను పోల్చి చూస్తే, మనిషి గుణంలో పుట్టుకతో వచ్చింది ఎంతో, పెంపకంతో వచ్చింది ఎంతో తెలుస్తుందనేవారు. ఆయనకు నేను దొరికాను. అక్కా నేనూ కవలలం, అచ్చు గుద్దినట్టుంటాం. నెల నిండకముందే నన్ను పిల్లలు లేని చిన్నమ్మకు ఇచ్చారు. అక్క కోదాడలో కన్నవాళ్ల దగ్గర, నేను మిర్యాలగూడలో చిన్నమ్మ దగ్గర పెరిగాం. చిన్నమ్మనే అమ్మా అని పిలిచాను.

సార్ మా ఇద్దరికీ చెరొక ప్రశ్నల కాగితం ఇచ్చి, "ఒకరితోని ఒకరు మాట్లాడుకోవద్దు" అన్నారు. ఎందుకు మాట్లాడుకోవద్దు? అన్నీ రక్తంతోనే వచ్చాయని తేల్చేస్తే నన్ను పెంచిన అమ్మకు మిగిలేదేమిటి? తాళం వేశాక మళ్లీ వచ్చి లాగి చూస్తారా అని ఒక ప్రశ్న. నేను ఆటో ఆపి మరీ వెనక్కి వస్తాను. అక్కకూ ఆ అలవాటు ఉంది. పోలిక కలవకూడదని "లేదు" అని రాశాను.

సార్ కోదాడ వెళ్లొచ్చి ఒకటే నవ్వు. "గిదేందమ్మా! మీ అక్క నన్ను బస్టాండుకాడ నిలబెట్టి, తాళం సూసొస్తనని ఉరికింది. రాసిందేమో లేదని! నువ్వు ఆటో దిగుడు మా బాల్కనీలకెల్లి రోజూ సూస్తనే ఉన్న. అబద్ధం గూడ ఇద్దరు ఒక్క తీరే ఆడిన్రు."

అక్కకు ఫోన్ చేశాను. "లేదని ఎందుకు రాసినవే?"

"మన తాళాల సంగతి ఆయనకెందుకే? నాకేదో డౌటొచ్చింది" అంది.

ఇక ఉండబట్టలేక సార్‌నే అడిగేశాను. "అయితే మా అమ్మ పెంపకం ఖతమేనా సార్?"

"ఒక్క జతతోని ఏం తేలదమ్మా. అండ్ల నిన్ను పెంచింది నీ కన్నతల్లి చెల్లెనాయె. అదే రక్తం, అదే ఇంటి పద్ధతి. ఏది యాడికెల్లి వచ్చిందో నేనెట్ల చెప్త?"

నన్ను ఊరడించడానికి అన్నారనుకున్నాను. ఆ అనుమానం ఏళ్లయినా పోలేదు. అమ్మ మిర్యాలగూడ దవాఖానలో ఉన్న పద్దెనిమిది రోజులూ ఆయన మా గేటు తాళం లాగి చూసి, "సూసిన, నువ్వు నిమ్మళంగ ఉండు" అని రోజూ ఫోన్ చేశారు. అప్పుడు కూడా నేను నా నోటితో "అవును, లాగి చూస్తాను" అని ఆయనకు నిజం చెప్పలేదు.

పదకొండో రోజు సార్ భార్య మా ఇద్దరి కాగితాలున్న నోటుబుక్కు నాకిచ్చారు. నాకు చెప్పిందే రాశారా అని వెతికాను. "ఈ జతను లెక్కలో కలపరాదు. పెంచినామె కన్నతల్లి చెల్లెలు" అని ఉంది. తాళం ప్రశ్న పక్కన, నా "లేదు" ఎదురుగా పెన్సిల్‌తో "మళ్లీ అడగాలి" అని ఉంది.

నా జవాబు కొట్టేసి "అవును" అని రాశాను. బయటికొచ్చి వాళ్ల గేటు వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వెళ్లి గడియ లాగి చూశాను.

సార్‌కు బాకీ: ఒక నిజం. చెల్లు.