దేవుని గూట్లో నా రాగి కాసు

కర్నూలు పాత సామాన్ల అంగడిలో తూకానికి కొన్న చిల్లర నాణేల మూటను ఈ రోజు పొద్దున ఇంట్లో కుమ్మరించాను. అన్నీ అరిగిపోయిన పైసలే. అడుగున మాత్రం ఆంజనేయుడి బొమ్మతో నల్లటి రాగి కాసు కనబడింది, విజయనగర రాజుల నాటిది. భూతద్దం వెతికి తెచ్చేలోపు మాయమైంది. చూస్తే దేవుని గూట్లో ఉంది. అమ్మ దాన్ని చింతపండుతో తళతళా తోమి, కుంకుమ పెట్టి, తమలపాకు మీద కూర్చోబెట్టింది.

చెయ్యి చాపగానే, "నీళ్లు పోసుకోకుండా స్వామిని ముట్టుకుంటావేమిరా?" అంది.

"అది నాణెం మా."

"స్వామిని ఇచ్చి ఎవురన్నా బెల్లం కొంటారా?"

స్నానం చేసి వచ్చాను. రాజు పేరు వెనకవైపు ఉంటుంది. చదవాలంటే స్వామిని బోర్లా పడుకోబెట్టాలి. ఆ మాట అమ్మతో అనగల ధైర్యవంతులుంటే రేపు మా ఇంటికి రండి, ఉగ్గాని పెట్టిస్తాను.