మమతారాణి చీటీల పెట్టె

మమతారాణి రెండు నిమిషాలు కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. హాస్టల్ పిల్లల మనసు కష్టాలు వినే కౌన్సెలర్ ఆమె. ఉండేది కరీంనగర్‌లో, చూడాల్సినవి ఆరు హాస్టళ్లు. ఆరింటికీ ఒక్క మనిషి చాలనుకున్న మహానుభావులెవరో గానీ, వాళ్లకో దండం. నేను వార్డెన్‌గా ఉన్న ఖానాపూర్ హాస్టల్‌కు శుక్రవారం బస్సులో వచ్చేది.

మా వరండాలో చీటీల పెట్టె పెట్టించింది. నోటితో చెప్పుకోలేనిది పిల్లలు పేరు లేకుండా రాసి అందులో వేస్తారు. తాళంచెవి ఆమె మెడలోనే, నాకు కూడా ఇవ్వదు. నియమం మాత్రం ఒకటి పెట్టింది. భయపెట్టే చీటీ వస్తే ఒక్కళ్లే దాచుకోకూడదు, ఆ పూటే ఇంకొకరికి చదివి వినిపించాలి.

ఆగస్టులో వేరే హాస్టల్లో ఒక పిల్ల చనిపోయింది. మమతారాణి పదకొండు రోజులు ఆ పిల్ల స్నేహితుల మధ్యే కూర్చుని వాళ్ల ఏడుపంతా విన్నది. ఆ తర్వాత ఆమెకు నిద్ర కరువైంది, భుజం పట్టేసింది, ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. సిరిసిల్లలో మరమగ్గాల మోతలో హాయిగా నిద్రపోతూ పెరిగిన మనిషి! అడిగితే జర నీరసం అనేది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. జ్వరమొచ్చి రెండు శుక్రవారాలు రానే లేదు.

మూడో శుక్రవారం బస్సు దిగి నేరుగా పెట్టె దగ్గరికి పరుగెత్తింది. ఏ పిల్ల చీటీ రాసి తన కోసం ఎదురుచూసిందో, ఏమైపోతుందోనని ఆమె భయం. కంగారులో తాళం రావడం లేదు. నేను తీస్తానంటే కసిరింది. నాకూ కోపమొచ్చింది, కదలకుండా అక్కడే నిలబడ్డాను.

లోపల ఒక్కటే చీటీ. చదివి, మడిచి, సంచీలో వేసుకుంది. మొహం పాలిపోయింది.

"ఏ పిల్లది?" అన్నాను.

"ఏం లేదు కోమలక్కా."

"నువ్వు పెట్టిన నియమమే గదా. చదువు."

మెట్టు మీద కూలబడి, చీటీ విప్పి మెల్లగా చదివింది. "మా కౌన్సెలర్ మేడంకు మంచిగ లేదు. నేను చెప్తుంటె ఏడుపు ఆపుకున్నది. అన్నం తినలే. ఆమెను ఎవరన్న అడుగుండ్రి."

ఆ పెట్టె తెరిచేది మమతారాణి ఒక్కతేనని రాసిన పిల్లకు తట్టనే లేదు. రోజూ అంతమందిని చూసే నాకు ఆ పిల్లపాటి చూపు లేకపోయిందని సిగ్గేసింది. పక్కన కూర్చుని, నిద్రపోక ఎన్ని దినాలైందని అడిగాను.

"ఆగస్టు సంది, అక్కా."

తాళంచెవి నా చేతిలో పెట్టి, అప్పుడు ఏడ్చింది.