గుహ గేటు దగ్గర నేను ఆపేసిన మల్లయ్య తాత

2018, మాఘమాసం. మా ఊరు హాలియా నుంచి నేను యాత్ర బస్సులు తీసుకెళ్తున్న రోజులవి. నేను బడికి పోలేదు. ఇంట్లో నాయిన నేర్పిన అక్షరాలతోనే యాత్రికుల పేర్లు రాసుకుని, దిగినప్పుడూ ఎక్కినప్పుడూ హెడ్ కౌంట్, అంటే తలల లెక్క, చూసుకునేదాన్ని. అన్నం పెట్టిన పని. దేవుడికి రుణపడి ఉన్నాను.

ఆ విడత మహానంది దర్శనం చేసుకుని, నంద్యాల అవతల ఉన్న సున్నపురాయి గుహలకు వెళ్లాం. అక్కడికి నేనూ మొదటిసారే. నేల కింద ఎంతో దూరం నీళ్లు తొలిచిన దారులు, లోపల శివలింగం అని మాత్రం విన్నాను.

బస్సులో మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన మల్లయ్య తాత ఉన్నాడు. గొర్లు కాచిన మనిషి. బోరునీళ్ల ఫ్లోరైడ్‌కు నడుము ముందుకు వంగి, అట్లే బిగుసుకుపోయింది. నిలబడినా చూపు నేల మీదే. వాళ్ల ఊరి నల్లాల్లోకి కృష్ణా నది నీళ్లు వచ్చేసరికే ఆయనకు ఆలస్యమైపోయింది.

లోపల దేవుడున్నాడని మావాళ్లంతా గేటు దగ్గరే చెప్పులు విడిచారు. ఇట్లాంటి చోట నడవలేనివారిని చెప్పులకు కాపలా పెట్టడం మా బస్సుల ఆనవాయితీ. ఒక పని అప్పగిస్తే నొచ్చుకోరని అనుకుంటాం.

"తాతా, నువ్వు గీడ్నే ఉండు. మెట్లున్నయ్, పడ్తవ్," అన్నాను.

"దేవున్ని మహానందిల జూసిన బిడ్డా. గిది దేవుని కోసం గాదు. భూమిల నీళ్లే గద నన్ను గిట్ల జేసినయ్. గా భూమి లోపట ఎట్లుంటదో ఒక్కపారి జూస్త. జర పోనీ."

"పడితే నీ కొడుక్కు నేనేం జెప్పాలె?"

"వాడేమడుగుతడు? ముసలోనికి షోకులు ఎక్కువైనయని నవ్వుతడు."

నేను నవ్వలేదు, ఒప్పుకోలేదు. ఆయన గొంగడి అక్కడే పరిచి కూర్చోబెట్టాను. గుహ గైడ్ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. అతన్ని ఒక్క మాట అడగలేదు.

మెట్లు దిగాక పెద్ద గదులు వచ్చాయి. ఆ తర్వాత దారి ఇరుకై, పైకప్పు నడుము ఎత్తుకు దిగింది. నిటారు మనుషులమంతా మూలుగుతూ, తలలు కొట్టుకుంటూ వంగి నడిచాం. అప్పుడు అర్థమైంది నాకు.

బయటికి రాగానే తాతను లోపలికి తీసుకెళ్లమని గైడ్‌ను బతిమాలాను.

"అట్లాంటోళ్లను శానామందిని చెయ్యి పట్టుకోని తీసుకపోయినా. ముందే చెప్పింటే బాగుండు గదమ్మా. ఇప్పుడు గేటేస్తాండాం," అన్నాడు.

బస్సెక్కుతూ ఒకామె నడుము పట్టుకుని, "లోపట అంత వంగే నడువాలె తాతా. నువ్వు రాకపోవుడే మంచిగైంది," అంది.

తాత ఆమెను చూడలేదు. మెడ పక్కకు తిప్పి నన్ను చూశాడు. "ఇరవై ఏండ్ల సంది వంగే తిరుగుతున్న. గా ఒక్కతాన మీ అందరికన్న నేనే మంచిగ నడుస్తుంటి," అన్నాడు.

మరుసటి ఏడు ఆయన పేరు అందరికంటే ముందు రాసుకుని, వాళ్ల ఊరికి వెళ్లాను. మంచంలో ఉన్నాడు. లేపి కూర్చోబెట్టడానికే ఇద్దరు కావాల్సి వచ్చింది.

"ఈపారి లోపటికి నేనే తీస్కపోత తాతా," అన్నాను.

"నీ మనసు నిమ్మలం కావాలెనని వచ్చినవ్. పోయి రా బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత నా అంతట నేనే ఎవరినీ ఆపలేదు. ముందు ఆ మనిషిని అడుగుతాను, తర్వాత అక్కడి గైడ్‌ను. నా భయం మాట చివరికే. ఈ బుద్ధి ఇచ్చినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. కానీ ఆ దండంలో తృప్తి లేదు. బుద్ధి వచ్చింది నాకు. గుహ చూడకుండా ఉండిపోయింది మల్లయ్య తాత.