ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తు

మా అక్క ఎడమ కాలు కుడి కాలి కంటే 38 మిల్లీమీటర్లు పొట్టి. ఆమెకు సరిపోయే చెప్పుల జత కోసం డిసెంబరు మొదటి సోమవారం నాడు నేను 177 కిలోమీటర్లు తిరిగాను. అందులో ఆటో ప్రయాణం 22, రైలు 48, బస్సులు 107. ఉదయం 7.05కు పెదపాడులో బయలుదేరి రాత్రి 7.40కి మళ్లీ పెదపాడు చేరాను. ఇటువంటి పని మీద ఈ దారిన వెళ్లేవారికి పనికివస్తుందని వేళలూ ధరలూ ఎప్పటికప్పుడు పుస్తకంలో రాసుకున్నాను.

అక్క పేరు సుభద్ర. చిన్నతనంలో పోలియో వచ్చింది. పెదపాడులో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. ముప్పై ఏళ్లపాటు ఆమె చెప్పులను ఏలూరు మెయిన్ బజారు దగ్గరి ఒక సందులో దావీదు గారనే మేస్త్రి చేసేవారు. ఎడమ చెప్పు అడుగున బెండు, తోలు పొరలు పొరలుగా అతికి ఎత్తు పెంచేవారు. ఆయన చేసిన ఆఖరి జతకు ఎనిమిదేళ్లు. ఈలోగా ఆయన కొట్టు మూతపడింది.

నేను విశాఖపట్నంలో ఒక కర్మాగారపు కొలతల విభాగంలో ముప్పై నాలుగేళ్లు ఇంజనీరుగా పనిచేశాను. చెప్పు అన్నది చివరికి కొలతల వ్యవహారమే అన్న నమ్మకంతో, రెండేళ్ల క్రితం అక్కను కుర్చీలో కూర్చోబెట్టి రెండు పాదాలూ కొలిచి డ్రాయింగు గీశాను. పాత చెప్పులో ఎత్తు 30 మిల్లీమీటర్లే ఉందని గమనించి, మేస్త్రి చేసిన ఆ లోపాన్ని 38కి సవరించాను. దాని ప్రకారం విశాఖలో రెండు కొట్లలో రెండు జతలు చేయించాను. మొదటిది కరిచి పుండు పడింది. రెండోది తొడుక్కుని వీధి మెట్లు దిగుతూ అక్క పడిపోయింది. ఎడమ మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ జత చేసిన కొట్టుకు వెళ్లి గంటసేపు దెబ్బలాడి వచ్చాను.

ఇప్పుడు ఆమె మళ్లీ పాత జతే వాడుతోంది. ఎడమ చెప్పు పొరలు విడిపోతే సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టుకుంది. "ఇది కూడా పోయిందంటే నాకు గుమ్మమే పొలిమేరరా" అంది ముందురోజు రాత్రి అన్నం వడ్డిస్తూ.

ఉదయం నేను బయలుదేరుతుంటే తానూ వస్తానంది.

"ఎందుకక్కా, ఆ బస్సుల్లో నలిగిపోవడానికా? నీ కాలు నా దగ్గరే ఉంది" అని డ్రాయింగు చూపించాను.

"బాగానే ఉంది గాని, దానికి నడక రాదు కదరా."

నేను వినిపించుకోలేదు. డ్రాయింగు, వెర్నియర్ కాలిపర్, మంచినీళ్ల సీసా సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలు. 7.40కి ఏలూరు. ఇడ్లీ, కాఫీ నలభై.

వెళ్లదలచినవారికి మొదటి హెచ్చరిక: పది గంటలలోపు బజారుకు వెళ్లకండి. తొమ్మిదీ యాభై వరకు షట్టర్ల మీది రాతలు చదువుతూ తిరిగాను. దావీదు గారి సందులో ఎడమ వరసన ఇరవై మూడు కొట్లు లెక్కపెట్టాను. సెల్‌ఫోన్లూ వాటి తొడుగులూ అమ్మేవి ఏడు, రెడీమేడ్ బట్టలవి ఐదు, బంగారం తాకట్టువి మూడు, రక్తపరీక్షలవి రెండు, ఏ వస్తువైనా తొంభై తొమ్మిది అనేవి రెండు. మిగిలిన నాలుగింటిలో మూడు 'అద్దెకు ఇవ్వబడును'. నా చిన్నతనంలో ఇదే వరసలో గొడుగు బాగుచేసేవారు, రేడియో విప్పేవారు, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు ఉండేవారు. విరిగిన వస్తువుతో ఈ సందులోకి వచ్చి, పని చేసే వస్తువుతో బయటికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు విరిగిన వస్తువుతో వస్తే కొత్తది కొనుక్కోమంటారు.

అంతకంటే విసుగు పుట్టించినది మరొకటి. కొట్లు పోయినా దారి చెప్పడంలో మాత్రం అవి పోలేదు. దావీదు గారి గురించి అడిగితే ఒకాయన "గొడుగుల కొట్టు ఎదరండి" అన్నారు. గొడుగుల కొట్టు ఎక్కడంటే "రేడియోల ఆయన పక్కనండి" అన్నారు. రేడియోల ఆయన ఎక్కడని అడిగితే, నేను పరాయి దేశం నుంచి వచ్చినట్టు చూసి, "ఆయన పోయి పదేళ్లయిందండి" అన్నారు. లేని కొట్టుకు లేని కొట్టు ఆనవాలు. ఈ పద్ధతిలో పదిహేడు నిమిషాలు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చాను.

ఆ వరసలో ఇరవై మూడోది, మిగిలిన ఒకే ఒక్క పాత కొట్టు, బొత్తాములూ దారాలూ అమ్మేది. యజమాని జగన్నాథం గారికి ఎనభై దగ్గర పడి ఉంటాయి. ఊరికే అడగడం బాగుండదని ఇరవై రూపాయల బూటు తాళ్లు కొన్నాను. మా ఇంట్లో బూట్లు ఎవరికీ లేవు.

"దావీదా? మీరు నిలబడ్డ చోటే కదండీ ఆయన కొట్టు" అన్నారాయన.

నేను నిలబడ్డ చోట, పక్క కొట్టు ముందు, ఒక సెల్‌ఫోను బొమ్మ, నా అంత ఎత్తుది, కాళ్లు ఆడిస్తూ గాలికి ఊగుతోంది.

"అద్దె మూడింతలు చేశారండి. ఖాళీ చేసి తాడేపల్లిగూడెంలో ఏదో చెప్పుల షోరూములో చేరాడు. అంతవరకే తెలుసండి నాకు."

"మీరు ఇంకా ఉన్నారే?"

"గోడలు నావండి. లేకపోతే నన్ను కూడా ఎవరి పక్కనో అని చెప్పుకునేవారు."

స్టేషనుకు 1.6 కిలోమీటర్లు నడిచాను. 11.05కు రావలసిన ప్యాసింజరు 11.32కు వచ్చింది. టికెట్టు పదిహేను రూపాయలు. ఎదుటి సీటులో కూర్చున్న ఆవిడ కాళ్ల దగ్గర సంచిలో మూడు జతల కొత్త చెప్పులున్నాయి. ఒక జత కొంటే రెండు జతలు ఉచితమట. "ఒక్కటీ సరిపోలేదండి. తిరిగి తీసుకోరంట. ఎవరికైనా పెట్టాలి" అని నా పాదాల వంక పరీక్షగా చూశారు. నేను పాదాలు సీటు కిందికి లాక్కున్నాను.

12.24కు తాడేపల్లిగూడెం. బజారుకు ఆటో ఇరవై. ఉల్లిపాయల లారీల వెనక పదకొండు నిమిషాలు ఆగిపోయింది. చెప్పుల షోరూములు నాలుగు చూశాను. మొదటి దానిలో డ్రాయింగు బల్ల మీద పరిచాను. అక్కడి కుర్రాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి "ఇంటి ప్లానాండి?" అన్నాడు. రెండో దానిలో, ఒక్కో పాదానికి ఒక్కో సైజు కావాలంటే రెండు జతలు కొని ఒక్కో జతలో ఒక్కో చెప్పు వాడుకోమన్నారు. మూడో దానిలో ఆన్‌లైన్‌లో చూసుకోమన్నారు. ఎత్తు మడమల చెప్పులు అరలనిండా ఉన్నాయి, నాలుగంగుళాలవి కూడా. రెండు పాదాలకూ ఎత్తు కావలసినవారికి ఎన్ని రంగులైనా దొరుకుతాయి. ఒక్క పాదానికి కావాలంటే మాత్రం మన దేశంలో చెప్పు అనేదే ఇంకా కనిపెట్టనట్టు చూస్తారు.

నాలుగో షోరూము మేనేజరు దావీదు గారి పేరు వినగానే నవ్వారు.

"ఆ పెద్దాయనా? మూడు నెలలు చేశారండి మా దగ్గర. మంచాయనే. కాని కొనడానికి వచ్చినవారి కాలు పట్టుకు చూసి, ఇది మీకు వద్దండి, కరుస్తుందండి, అనేవారు. మరి మేం అమ్ముకోవడం ఎలాగండి?"

"ఇప్పుడెక్కడున్నారు?"

"కైకలూరులో వాళ్లల్లుడి దగ్గరన్నారండి. అక్కడ చెప్పుల పని కాదంట, ఏదో అతుకుల పనంట."

భోజనం నూట ఇరవై. సాంబారు చల్లగా ఉంది. 1.35 బస్సుకు భీమవరం, 33 కిలోమీటర్లు, నలభై ఐదు రూపాయలు. అక్కడ పదిహేను నిమిషాలు ఆగి కైకలూరు బస్సు ఎక్కాను, 36 కిలోమీటర్లు, అరవై రూపాయలు. బస్సులో సగానికి పైగా ఆడవాళ్లే. నేను చిల్లర వెతుక్కుంటుంటే కండక్టరు "ఆడవాళ్లకి టికెట్టు లేదండి, డబ్బులన్నీ మీలాంటోళ్ల దగ్గరే లాగాలి" అని నవ్వాడు.

పక్కన కూర్చున్న రైతు ఒళ్లో ఒక సీసా ఉంది. నిండా పచ్చటి నీళ్లు. పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నారు.

"రొయ్యల చెరువు నీళ్లండి. ల్యాబుకి" అన్నారు. "వారానికోసారి పరీక్ష చేయించాలండి. నా సుగరు మాత్రం ఏడాదికోసారే చూపిస్తాను."

అతుకుల పని చేసే దావీదు గారిని ఎరుగుదురా అని అడిగాను.

"చెరువు పట్టాలు అతికే ముసలాయనా? ఐసు ఫ్యాక్టరీ సందండి. ఆయన వేసిన అతుకు ఊడదండి."

రోజంతటిలో బతికి ఉన్న ఆనవాలు చెప్పినవారు ఆయనొక్కరే.

3.50కి కైకలూరులో దిగాను. టీ పది రూపాయలు. బజారంతా చేపలదీ రొయ్యలదీ. మేత బస్తాల కొట్లు, వలల కొట్లు, నీటిలో గాలి ఆడించే ఏరేటర్ల కొట్లు, రొయ్యల మందుల కొట్లు. ఒక బోర్డు మీద డాక్టరు పేరు, కింద సంప్రదించే వేళలు చూసి, అక్క కాలి సంగతి అడుగుదామని రెండు మెట్లు ఎక్కాను కూడా. రొయ్యల డాక్టరు. ఊపిరాడని రొయ్యకు గాలి, జబ్బు చేస్తే పరీక్ష, ఆకలికి వేళకు మేత. ఒక పొట్టి కాలికి మాత్రం మూడు ఊళ్లలో దిక్కు లేదని పుస్తకంలో కోపంగా రాసుకున్నాను. పెన్సిలు మొన విరిగింది.

దావీదు గారి కొట్టు ఐసు ఫ్యాక్టరీ సందులో రేకుల పంచ. చెరువు గట్లకు పరిచే నల్లటి ప్లాస్టిక్ పట్టా మధ్యలో కూర్చుని, వేడి ఇనుముతో చిరుగు అతుకుతున్నారు. చుట్టూ చెరువుల్లో దిగేవారి రబ్బరు బూట్లు, మోటారు బెల్టులు. పెదపాడు టీచరు గారి తమ్ముణ్ణని చెప్పగానే ఇనుము పక్కన పెట్టి లేచారు.

"అమ్మగారేరండీ?" అని నా వెనక్కి చూశారు.

"రాలేదు. డ్రాయింగు తెచ్చాను."

ఆయన చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నారు. ఆ రోజు దాన్ని తిన్నగా పట్టుకున్న మొదటి మనిషి. చాలాసేపు చూశారు.

"బొమ్మ చాలా బాగుందండి. కూర్చోబెట్టి కొలిచారా?"

"అవును. కదలకుండా ఉంటుందని."

ఆయన లోపలికి వెళ్లి గోనె సంచి ఈడ్చుకొచ్చారు. నిండా కొయ్య పాదాలు. తన దగ్గర చెప్పులు చేయించుకున్న ప్రతి మనిషి పాదానికీ అచ్చు చెక్కి, పేరు రాసి పెట్టుకోవడం ఆయన పద్ధతి. ఏలూరు కొట్టు ఖాళీ చేసినప్పుడు సామానంతా అమ్మి ఇవి మాత్రం వెంట తెచ్చుకున్నారట. వెతికి ఒకటి తీశారు. మడమ మీద పెన్సిలుతో 'పెదపాడు టీచరమ్మగారు, ఎడమ' అని ఉంది.

నేను కాలిపర్ తీసి కొలిచాను. వేళ్ల మొదట అడ్డంగా 96 మిల్లీమీటర్లు. నా డ్రాయింగులో 89.

"బరువు పడితే పాదం పరుచుకుంటుందండి. అందుకే నిలబెట్టి కాగితం మీద గీస్తాం, అదీ సాయంత్రం పూట" అన్నారాయన. "ఇంకోటండి, ఎత్తు ముప్పై ఎనిమిది వేశారేంటండీ?"

"అంతే కదా తేడా."

"తేడా అంతేనండి. కాని చిన్నప్పట్నించీ ఆవిడ నడుము ఒక పక్కకి ఒరిగి నడవడానికి అలవాటు పడిపోయింది. ఇప్పుడు మొత్తం ఎత్తు ఇచ్చేస్తే మనిషి తూలిపోతుందండి. ముప్పైకి మించి నేనెప్పుడూ ఇవ్వలేదు. ఈ కొలతతో ఎవరి చేతనా చేయించలేదు కదండీ?"

నేను కాలిపర్‌ను పెట్టెలో పెట్టి మూత వేశాను. మూత సరిగా పడలేదు. మళ్లీ వేశాను.

"చేయించాను. అక్క పడింది" అన్నాను.

అచ్చు ఉంది కనుక దాని మీదే చేసి ఇమ్మని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్లలో పాదం మారుతుంది, పడిన మనిషి నడక మారుతుంది, కాబట్టి నిలబెట్టి చూడాలి. ఈ నెలాఖరుకు ఈ పంచ కూడా ఖాళీ చేయాలి. ఇక్కడ ఏరేటర్ల షోరూము కడతారట. ఆ తరువాత ఎక్కడన్నది ఆయనకే తెలియదు.

"ఎల్లుండి బుధవారం సాయంత్రానికి తీసుకురండి. తోలు నేను తెప్పిస్తాను. మీరు రాకపోయినా పర్లేదండి, అమ్మగారు వస్తే చాలు."

5.20 బస్సుకు కొల్లేరు మీదుగా ఏలూరు, 38 కిలోమీటర్లు, అరవై ఐదు రూపాయలు. వానాకాలంలో ఈ దారి మునుగుతుంది, అడిగి బయలుదేరండి. రోడ్డుకు రెండు వైపులా చెరువులు, వాటిలో ఏరేటర్లు నురుగు చిమ్ముతున్నాయి. గట్ల మీద దీపాలు వెలిగాయి. మూడు ఊళ్ల బజార్ల మీద పొద్దుటి నుంచి రాసుకున్న ఫిర్యాదులు పదకొండు పేజీలు వచ్చాయి. అవి తప్పని ఇప్పటికీ అనను. ఆ సందులో ఇవాళ కూడా గొడుగు బాగుచేయించుకోలేరు. కాని పన్నెండో పేజీలో రాయవలసింది బజారు గురించి కాదు. ఏలూరు చేరేదాకా అది ఖాళీగానే ఉంది.

వేళ మించడంతో ఏలూరు నుంచి ఆటో ఒక్కడినే మాట్లాడుకున్నాను, నూట యాభై. అక్క వరండాలో ఉంది.

"దొరికాడా?"

"దొరికారు. బుధవారం నువ్వు రావాలట."

"పొద్దున్నే చెప్పాను కదరా."

"ఎత్తు ముప్పయ్యే ఉండాలట, అక్కా. ముప్పై ఎనిమిది కాదట."

ఆమె కాసేపు తన ఎడమ మణికట్టు నిమురుకుంది. తరువాత అంది: "ఆ విశాఖ కొట్టువాణ్ణి గంటసేపు తిట్టి వచ్చావు కదరా, పాపం."

లెక్క ఇది. ఆటోలు 200, రైలు 15, బస్సులు 170, తిండీ టీలూ 170, బూటు తాళ్లు 20. మొత్తం 575 రూపాయలు. పెదపాడు నుంచి ఏలూరు మీదుగా నేరుగా కైకలూరు పోయి వస్తే 96 కిలోమీటర్లే. అక్క వెంట వచ్చి ఉంటే ఆమె బస్సు టికెట్టు సున్నా.

నష్టాలు: ఒక పగలు. విశాఖలో చేయించిన రెండు జతలు, 7,400 రూపాయలు. ఎనిమిది మిల్లీమీటర్లు. అక్క ఎడమ మణికట్టు, ఆరు వారాలు.