వెనక ఎవరూ లేని చోటు

ఆ ఏడు ఐదుగురూ తిరిగొస్తున్నారన్న కబురు హార్లాన్ క్రీక్ ఊళ్లో వేసవి మొదట్లోనే పాకిపోయింది. కిందటేడు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ముందు వరస కాసిన ఐదుగురిలో ఒక్కడు కూడా చదువు ముగించి పోలేదు, ఒక్కడిని కూడా పెద్ద కాలేజీ ఎగరేసుకుపోలేదు. కాఫీ హోటల్లో రైతులు ఆ ఐదు పేర్లు వాన కబురు చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. బళ్లు తెరిచాక పొద్దున డార్లా హ్రుష్కా స్కూలు బస్సు నడుపుతుంటే వెనక సీట్లలో పిల్లలు అవే పేర్లు వరసగా అరిచేవాళ్లు. మొదటి పేరు ఆమె కొడుకు కోల్బీది. అద్దంలో పిల్లల్ని చూసి ఆమె నవ్వేది. గట్టిగా అరవకండర్రా, బస్సు ఊగుతోంది అనేది.

ఐదుగురి వెనక ఎవరున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. కోచ్ లిండ్‌హోమ్ గదిలో గోడంత తెల్లపలక ఉంటుంది. దాని మీద ఒక్కో స్థానం కింద పేర్లు ఒకదాని కింద ఒకటి దొంతరలా ఉండాలి. పైవాడు పడితే కిందివాడు లేచి నిలబడాలి. ఆ ఏడు పై వరస నిండుగా ఉంది, దాని కింద మాత్రం పలక చాలావరకు తెల్లగానే ఉంది. ఒకడి మోకాలు పోయింది. ఒకడు ఆట మానేసి మామ పొలంలో ట్రాక్టరెక్కాడు. మిగతావాళ్లు ఆడే అవకాశం రాదని తెలిసి వేరే కాలేజీలు వెతుక్కున్నారు. ఐదుగురూ తిరిగిరావడమే వెనకవాళ్లు వెళ్లిపోవడానికి కారణం. కోల్బీ కింద మాత్రం మైలో అని ఒక్క పేరు మిగిలింది. కాన్సాస్ గడ్డినేలల నుంచి ఆ ఏడే వచ్చిన కుర్రాడు. గుమ్మంలో తల వంచాల్సినంత పొడుగు, హ్యాంగరుకి చొక్కా తగిలించినట్టుండే భుజాలు.

కోల్బీ ఆడేది లెఫ్ట్ టాకిల్. బంతి విసిరేవాడు కుడివైపు చూస్తూ నిలబడతాడు. వాడికి కనిపించని ఎడమ పక్కనుంచి ఎదుటి జట్టులో అందరికంటే బలమైనవాడు దూసుకొస్తాడు. వాణ్ణి ఆపడమే లెఫ్ట్ టాకిల్ పని. బంతి ముట్టడు, పేపర్లో ఫోటో రాదు, తప్పు చేస్తేనే పేరొస్తుంది.

డార్లాకి కొడుకు పుట్టకముందే ఆ స్థానం తెలుసు. ఆమె భర్త డేల్ అదే కాలేజీకి అదే చోట ఆడాడు. ఆ వెడల్పాటి వీపు చూసే పెళ్లి చేసుకున్నానని ఆమె చెప్పుకుని నవ్వేది. డేల్ ఇప్పుడు ధాన్యం గిడ్డంగిలో పనిచేస్తాడు. కోతల కాలంలో లారీలు బారులు తీరినప్పుడు ఒళ్లు దాచుకోడు. అయితే ఈమధ్య ఒక్కోసారి గ్యారేజీ మధ్యలో, ఏదో తీసుకోవడానికి వచ్చినవాడు అదేమిటో మర్చిపోయి, చేతులు వేలాడేసుకుని నిలబడిపోతుంటాడు. ఆమె పిలిస్తే, ‘ఇల్లు సర్దేది నువ్వు, దొరకనిది నాకు,’ అని జోకు వేస్తాడు. అలసట అనుకునేది డార్లా. అలా అనుకోవడం తేలిక.

గురువారాలు ముందు వరస కుర్రాళ్లందరికీ ఆ గ్యారేజీలోనే భోజనం. కోల్బీ కాలేజీలో చేరిన ఏడు డార్లా మొదలుపెట్టింది. కార్లు బయటపెట్టి, చర్చి నుంచి తెచ్చిన మడత బల్లలు వేసి, గొడ్డుమాంసం, చిక్కుడు గింజలు వేసి పెద్ద బానలో చిల్లీ ఉడికించేది. పక్కన దాల్చినచెక్క వేసిన తీపి సినమన్ రోల్స్. ఈ రెండూ కలిపి తినడమేమిటని బయటి రాష్ట్రం కుర్రాళ్లు మొదటివారం ముఖం చిట్లించేవాళ్లు, రెండోవారం గిన్నె నాకేవాళ్లు.

అయితే తిండి ఊరికే దొరకదు. గ్యారేజీ గుమ్మంలో, వరస మధ్యన సెంటర్ ఆడే గస్ నిలబడతాడు. ఒక్కొక్కడికీ ఆ వారం నేర్చుకున్న ఆటల్లోంచి, అంటే బంతి కదలగానే ఎవరెటు వెళ్లాలో తేల్చే ఎత్తుల్లోంచి, ఒక పేరు చెబుతాడు. ఆ ఆటలో తాను ఎవరి మీదికి వెళ్లాలో చెప్పినవాడికే పళ్లెం. తప్పితే వరస చివరికి. ఈ ఆచారం పెట్టింది కోల్బీయే. ఇన్నేళ్లు విని విని డార్లాకే సగం జవాబులు వచ్చేశాయి. మైలో తడబడితే గరిటె ఆడిస్తూ, ‘లోపలివాణ్ణి వదిలేయ్, బయటివాడు నీవాడు,’ అని గొణిగేది. గస్ విననట్టు నటించేవాడు.

సెప్టెంబరు చివర్లో నది అవతలి కాలేజీతో ఆడిన రోజు కోల్బీ ఒకసారి కిందపడి లేచాడు. అందరూ పడతారు, అందరూ లేస్తారు. కానీ ఆ తర్వాతి వారం ఇంటికొచ్చినప్పుడు వంటింటి దీపం ఆపేసి కూర్చున్నాడు. అదే వారం ఒకసారి, పాలు ఉన్నాయా అని అడిగి, తాగి, కాసేపటికి మళ్లీ అదే అడిగాడు. తలనొప్పా అంటే నిద్ర చాల్లేదన్నాడు. డార్లా కూడా సరేనంది. శనివారం అతను బాగానే ఆడాడు. ఆ తర్వాతి శనివారమూ బాగానే ఆడాడు. అందుకే ఆమె తన అనుమానాన్ని పక్కన పెట్టింది. ఆటలో తేడా లేకపోతే మనిషిలో తేడా లేదని ఆ ఊళ్లో అందరూ నమ్ముతారు.

ఆ రోజుల్లోనే ఆమె ఒకటి గమనించింది. కోల్బీ పక్కన గార్డుగా ఆడే టెరెల్, ఒమాహా కుర్రాడు, భోజనం వరసలో కూడా ఎప్పుడూ అతని వెనకే నిలబడేవాడు. గస్ ఆట పేరు చెప్పగానే టెరెల్ చెయ్యి కోల్బీ వీపు మీద పడేది. స్నేహం అనుకుంది. ముచ్చటగా కూడా అనిపించింది.

అక్టోబరులో ఒక గురువారం ఐసు అయిపోయింది. తెస్తానని టెరెల్ కారేసుకుని వెళ్లాడు. గస్ కోల్బీకి ఆట పేరు చెప్పాడు. అది తేలికైనది, డార్లాకి కూడా తెలిసినది. కోల్బీ నవ్వు ముఖంతో అతని వంక చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు. వెనక మైలో ఉన్నాడు. అప్పుడు ధీమాగా ఏదో జవాబు చెప్పాడు. అందరూ గొల్లున నవ్వారు, కెప్టెన్ ఆటపట్టిస్తున్నాడనుకుని. ‘కెప్టెనైనా సరే చివరికి పోవాల్సిందే,’ అన్నాడు గస్.

డార్లా నవ్వలేదు. కొడుకు చెప్పింది తప్పు జవాబు కూడా కాదు. అవి అతను హైస్కూల్లో ఆడినప్పటి ఎత్తుల పేర్లు. వంటింటి బల్ల మీద మొక్కజొన్న గింజలు పేర్చి తల్లికి నేర్పిన పేర్లు. అతను వరస చివరికి నడిచి, నవ్వుతూనే నిలబడ్డాడు. గరిటె లోంచి చిల్లీ కారి ఆమె మణికట్టు మీద పడింది. కాలిందని కూడా ఆమెకు తర్వాతే తెలిసింది.

టెరెల్ ఐసు బస్తా దించుతుంటే ఆమె కారు దగ్గరికి వెళ్లింది. ఏం అడగాలో తెలియక, నువ్వు వాడి వీపు మీద ఏం చేస్తున్నావని అడిగింది.

టెరెల్ బస్తా భుజానికెత్తుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. నది అవతలి ఆట దగ్గర్నుంచీ కోల్బీకి ఆట పేరు వింటే ఏం చేయాలో గుర్తుకు రావడం లేదట. చెయ్యాల్సింది చెబితే మాత్రం ఒళ్లు దానంతటదే చేసేస్తోందట. అందుకని ఒకసారి తడితే ముందుకి, రెండుసార్లు తడితే వెనక్కి, గిల్లితే లోపలికి.

‘కోచ్‌కి తెలుసా?’

‘తెలీదు మిసెస్ హెచ్. మా నలుగురికే. మేమూ అదే పోతుందనే అనుకున్నాం.’ బస్తా భుజం మార్చుకున్నాడు. ‘చెబితే వాడి చోట మైలో నిలబడాలి. మీరు వాడికి ఇన్ని వారాలుగా పెడుతున్నారు కదా, చూడండి, ఒంటికి పట్టిందేమో. ఈ శనివారం వచ్చేవాడు ఎలాంటివాడో మీకు తెలీదు. కోల్బీ తల బాగోలేకపోయినా నిలబడగలడు. మైలో తల బాగున్నా నిలబడలేడు. మేం అటూ ఇటూ చూసే చేశామండీ.’

వాళ్లు చెడ్డవాళ్లయితే ఆమెకు తేలికగా ఉండేది. తన చేతి తిండి తిన్న నలుగురూ ఒకణ్ణి కాపాడుతున్నామనుకుని మరొకణ్ణి కొద్దికొద్దిగా తగలబెడుతున్నారు. ఇంకొక్క దెబ్బ అలాంటిదే తగిలితే ఏమవుతుందో ఆమెకు సరిగా తెలియదు. 

కుర్రాళ్లు వెళ్లాక డేల్‌కి చెప్పింది. అతను బల్ల మడుస్తూ విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

‘ఇంకెన్ని ఆటలు, మూడేగా,’ అన్నాడు. ‘నాకూ అయ్యింది అలాగే. నా పక్కనవాడూ నాకు చెప్పేవాడు. పోయింది.’

‘పోయిందా, డేల్?’

అతను మడిచిన బల్లని ఎక్కడ ఆనించాలో వెతుకుతున్నట్టు గోడలు చూస్తూ నిలబడ్డాడు. ఆ బల్లలు ఎప్పుడూ ఆనించేది ఒకటే గోడకి. డార్లాకి ఇన్నేళ్లూ తన ఇంట్లోనే నడుస్తున్నదాన్ని మొదటిసారి చూసినట్టయింది.

మర్నాడు బస్సులో పిల్లల్ని దింపేసి తిన్నగా కోచ్ గదికి వెళ్లింది. లిండ్‌హోమ్ మంచివాడే. అంతా విని కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అప్పటికప్పుడే డాక్టరుకి ఫోను చేశాడు. చెప్పి మంచి పని చేశారన్నాడు. కానీ అంటున్నప్పుడు కూడా అతని కళ్లు పలక మీదే ఉన్నాయి. కోల్బీ పేరు తుడిచేశాడు. మైలో పేరు పైకి ఎక్కించాడు. మైలో కింద చెయ్యి ఆగిపోయింది. రాయడానికి పేరు లేదు.

డాక్టరు కోల్బీని ఆపేశాడు. ఆ రాత్రి కోల్బీ ఇంటికి ఫోను చేసి తల్లితో ఒక్క మాటే అన్నాడు. ‘వాడికేమైనా అయితే అది నీ మీదే ఉంటుందమ్మా.’ అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

శనివారం గాలి పొలాల దుమ్ము మోసుకొచ్చి మైదానం మీద పోస్తోంది. జనం కూర్చునే మెట్ల మీద డార్లా పక్కన ఒకావిడ వచ్చి కూర్చుంది. సన్నగా, పొడుగ్గా ఉంది. ఆ పోలికకి ఎవరని అడగక్కర్లేదు. తెల్లవారకముందే బయల్దేరి కాన్సాస్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చిందట. మైలో మొదటిసారి మొదట్నుంచీ ఆడుతున్నాడట. గురువారాల గురించి వాడు ప్రతివారం చెబుతాడంది.

‘మా వాడికి పెడుతున్నందుకు మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదండీ. ఇవాళ ఆడేది మీవల్లే అనుకోండి, ఆ బలమంతా మీదే.’

డార్లా కళ్లు మైదానం మీదికి తిప్పుకుంది.

ఎదుటి జట్టు కుర్రాడు టెరెల్ చెప్పినంతవాడే. మొదటి సగంలో మైలో పడి లేచాడు, మళ్లీ పడి లేచాడు. లేచిన ప్రతిసారీ తల్లి చప్పట్లు కొట్టి ఫోటో తీసింది. రెండో సగంలో ఒకసారి పడ్డాడు, లేవలేదు. ఫోను ఆవిడ చేతుల్లో అలాగే పైకెత్తి ఉండిపోయింది.

దెబ్బలు చూసే ట్రైనరమ్మాయి మైదానంలోకి పరిగెత్తింది. మైలో కాలు కదిపాడు. చెయ్యీ కదిపాడు. జనం ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. డార్లా మైలోని చూడటం లేదు. గట్టు మీద, బెంచీ చివర, అంతవరకు మామూలు బట్టల్లో నిలబడ్డ కోల్బీ కోసం చూస్తోంది. అతను అక్కడ లేడు. ఆడకూడనివాడి హెల్మెట్ అతని చేతికి చిక్కకుండా సామాను పెట్టెలో దాచేయడం అక్కడి పద్ధతి. పెట్టెకి కాపలా ఉండాల్సిన ట్రైనరమ్మాయి ఇప్పుడు మైదానం మధ్యలో ఉంది. కోల్బీ పెట్టె వైపు నడుస్తున్నాడు. జెర్సీ అప్పటికే ఎవరో ఇచ్చినట్టున్నారు, తల మీంచి తొడుక్కుంటున్నాడు. కోచ్ వీపు అటు తిరిగి ఉంది.

ఆమె మెట్లు దిగింది. ఎవరో భుజం పట్టుకున్నారు, ఎవరో పేరు పెట్టి పిలిచారు. అది డేల్ గొంతే కావచ్చు. తాడు దాటి, గడ్డి మీద నడిచి, కొడుకు కంటే ముందు పెట్టె దగ్గరికి చేరింది. ఇంకేం తోచక దాని మూత మీద కూర్చుంది.

కోల్బీ ఎదురుగా వచ్చి ఆగాడు. ఎండకి కళ్లు చికిలించాడు.

‘లే అమ్మా. వాడి వెనక ఎవరూ లేరు.’

‘తెలుసు.’

‘అందరూ చూస్తున్నారు.’

అందరూ చూస్తూనే ఉన్నారు. కాఫీ హోటల్ రైతులు, బస్సు పిల్లలు, ఒక చేత్తో నోరు మూసుకుని మెట్లు దిగుతున్న మైలో తల్లి. మైదానంలో మైలోని ఇద్దరు పట్టుకుని లేపుతున్నారు, వాడి తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. కోచ్ తిరిగి చూశాడు. పెట్టె మీద కూర్చున్న ఆమెని, ఎదురుగా నిలబడ్డ కోల్బీని చూసి, టెరెల్‌ని ఆ చివరకి జరగమని చేత్తో చూపించాడు. తమ జట్టులోనే డిఫెన్స్ ఆడే వరసలోంచి ఎవరో కుర్రాడు, ఆ చోట ఎన్నడూ ఆడనివాడు, చెవులు కప్పేలా హెల్మెట్ నొక్కుకుంటూ టెరెల్ ఖాళీ చేసిన చోటికి పరిగెత్తాడు. వాడి తల్లి కూడా ఆ మెట్ల మీదే ఎక్కడో ఉండి ఉంటుంది.

విజిల్ మోగింది. డార్లా లేవలేదు.