చుక్క నీరు దూరని బండి

సూరయ్య తెప్పలు బాగుచేసే మనిషి. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు అతనిది. ఎంత పగిలిన ఫైబరు తెప్పయినా అతని చెయ్యి పడితే మళ్ళీ చుక్క నీరు దూరదు. ఆ సంగతి ఊరంతా ఒప్పుకుంటుంది. ఊరు మరిచిపోయినప్పుడు సూరయ్యే గుర్తుచేస్తాడు.

అలాంటివాడు వ్యాను జోలికి పోయింది పెళ్ళాం కోసం. పెళ్ళయిన దగ్గర్నుంచీ గురమ్మ ఏ శుభకార్యానికి వెళ్ళినా గూడ్సు ఆటోలో చేపల బుట్టల పక్కన నిలబడే వెళ్ళింది. చెల్లెలు తాయారుది నరసన్నపేట కాపురం. మొగుడు తిరుమలరావుకి రొయ్యల మేత కొట్టుంది. వాళ్ళింటి ముందు గురమ్మ ఆటో వెనక నుంచి దూకినప్పుడల్లా వీధి వీధంతా చూసేది. ఆ చూపులకి ఆమెకి ప్రాణం చచ్చిపోయేది. ఇప్పుడు తాయారు కొత్తింటి గృహప్రవేశం వచ్చింది.

"ఈపాలి సీట్లో కూకుని, కిటికీలోంచి సూసుకుంటా ఎల్లాల మావా. నేకపోతే నాను రాను," అని తేల్చి చెప్పేసింది.

సూరయ్య వెళ్ళి, కొండల్లో రాళ్ళూ రప్పలూ ఎక్కి ముసలిదైపోయిన జీపు వ్యాను ఒకటి పట్టుకొచ్చాడు. వెనకంతా కిటికీల్లేని డబ్బా. నేల ఎంత తుప్పు పట్టిందంటే, లోపల నిలబడితే కింద ఇసక కనబడేది. రేకు పని చేసే ధనరాజు రెండువైపులా కిటికీలు కోసి, మూడు వరసలు సీట్లు బిగించాడు. నేల మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు సూరయ్య. తెప్పకి వేసినట్టే పొర మీద పొర ఫైబరు పరిచాడు. వెనక తలుపు దగ్గర జానెడు ఎత్తున గట్టు కట్టి, తలుపు చుట్టూ రబ్బరు పెట్టాడు. సామాన్ల కోసం పైన కట్టిన కేరేజీ కూడా ఫైబరు తొట్టే.

"అన్నా, నీళ్ళు పోడానికి కింద ఓ కన్నం ఎట్టీ," అన్నాడు ధనరాజు.

సూరయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "మా వొంశంలో కన్నాలు మూసినోళ్ళే గానీ ఎట్టినోళ్ళు నేరు."

ఆపైన బండికి పరీక్ష పెట్టాడు. గట్టుదాకా నీళ్ళు నింపి రాత్రంతా ఉంచాడు. తెల్లారి ఊరంతా వచ్చి కింద వంగి చూస్తే ఒక్క బొట్టు కారలేదు. అందరూ మెచ్చుకున్నారు. తరవాత ఆ నీళ్ళు బక్కెట్లతో తోడుతూనే మధ్యాహ్నమైంది. అప్పటికైనా ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఊళ్ళో తెప్పలో నీళ్ళు తోడడమంటే పొద్దున్నే మొహం కడుక్కోడం లాంటిది మరి.

గృహప్రవేశం నాటికి కిటికీ అద్దాలు రాలేదు. టార్పాలిన్ పరదాలు కట్టారు. గురమ్మ పొందూరు చీర కట్టుకుని కిటికీ పక్క సీట్లో కూర్చుంది. పక్కన అత్తగారు అసిరమ్మ, వెనక చుట్టాలు. శ్రీకాకుళం దాటాక వాన అందుకుంది. పరదాలు ఎగిరిపోయాయి. పైనున్న తొట్టి నిండింది. సూరయ్య బ్రేకు వేసినప్పుడల్లా కడివెడు నీళ్ళు కిటికీలోంచి వచ్చి ఒళ్ళో పడేవి. నేలమీద నీళ్ళు పిక్కలదాకా వచ్చాయి. జనం సీట్లమీద గొంతుక్కూర్చుని డ్రైవరు సీటుకీ తమకీ మధ్యనున్న రేకు గోడని దబదబా బాదారు. ముందు కూర్చున్న సూరయ్య, సీట్లు నచ్చి హుషారుగా ఉన్నారనుకుని, మురిసిపోయి రెండుసార్లు హారన్ కొట్టాడు.

"ఒసే, సూత్తావేటి, తోడు," అంది అసిరమ్మ. గురమ్మ చెల్లెలికి కానుకగా తెచ్చిన బిందె పట్టుకుని నరసన్నపేట దాకా తోడింది.

కొత్తింటి ముందు సూరయ్య దర్జాగా దిగి వెనక తలుపు తీశాడు. ముందు నీళ్ళొచ్చాయి. వాటి వెనక చెప్పులూ అరటిపళ్ళ గెలా వచ్చాయి. ఆ తరవాత చుట్టాలు దిగారు. వాన వెలిసి, షామియానా కింద కూర్చున్నవాళ్ళంతా లేచి చూస్తున్నారు. సూరయ్యకి భూమి చీలితే బాగుండుననిపించింది.

తిరుమలరావు జాలిగా దగ్గరికొచ్చాడు. "వొదినా, ఎల్లేటప్పుడు ఇబ్బంది పడకండి. మా కొట్టు గూడ్సు ఆటో ఉన్నాది, పంపుతాను."

గురమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఆటో ఏల మరిదీ? మాకు బండున్నాది," అని, షామియానాకి లైట్లు బిగిస్తున్నవాళ్ళ దగ్గరికెళ్ళి డ్రిల్లింగు మిషను అడిగి తెచ్చింది. బండిలో ఇంకా జానెడు నీళ్ళున్నాయి. మిషను చూడగానే సూరయ్య మొహం పాలిపోయింది.

"ఇంద మావా, ఎట్టు."

సూరయ్య మిషను పట్టుకుని కిందకి దూరి పడుకున్నాడు. చెయ్యి రాలేదు. వచ్చి తల దించుకు నిలబడ్డాడు.

"నావల్ల కాదే."

"అయితే ఇటివ్వు. కళ్ళు మూసుకో."

వీధి వీధంతా చూస్తుండగా గురమ్మ పొందూరు చీరతోనే బురదలో వెల్లకిలా పడుకుని, బండికి కన్నం పెట్టింది. సూరయ్య నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళన్నీ గుడగుడా పోయాయి.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ పక్కనే కూర్చుని, చెల్లెలింటి వీధికేసి నింపాదిగా చూసింది. రోడ్డు ఆరిపోయింది. అయినా సూరయ్య కాస్త దూరానికోసారి బండి ఆపి, వెనక్కొచ్చి, వంగి ఆ కన్నం చూసుకుంటున్నాడు.

"ఏటి మావా?"

"నీళ్ళు పైకొత్తన్నాయేమోనని."

"మనం ఒడ్డుమీదే ఉన్నాం మావా," అంది గురమ్మ. "బండి పోనీ."